లాటరీ డబ్బుతో కాలేజీ ఫీజులు: జార్జియా నుంచి గుంటూరు దాకా

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడిందంటే గుంటూరు, విజయవాడల్లో ముందు ఇబ్బంది పడేది ఆఖరి సంవత్సరం పిల్లలు. బాకీ కట్టి ఒరిజినల్స్ పట్టుకెళ్లమంటాయి చాలా కాలేజీలు. ఎంటెక్‌లో చేరాలన్నా, ఉద్యోగానికి వెళ్లాలన్నా ఆ కాగితాలే కావాలి కాబట్టి తల్లిదండ్రులు వడ్డీకి తెచ్చి కడతారు. కేరళలా లాటరీ పెట్టి ఆ డబ్బు ఫీజులకు ఇవ్వొచ్చు కదా అన్న మాట వచ్చేది ఇలాంటప్పుడే.

ప్రజల పనులకు లాటరీతో డబ్బు సమకూర్చడం పాత పద్ధతే. 1813లో పూర్తయిన కలకత్తా టౌన్ హాల్ లాటరీ సొమ్ముతో కట్టిందే. అమెరికాలో ఆధునిక రాష్ట్ర లాటరీలకు తొలి అడుగు 1964లో న్యూ హాంప్‌షైర్ వేసింది, అదీ చదువుల పేరుతోనే. కాలేజీ ఫీజులకు ఈ డబ్బు వాడటంలో అందరూ చూసే నమూనా మాత్రం అక్కడి జార్జియా రాష్ట్రం. గవర్నర్ జెల్ మిల్లర్ పట్టుబట్టి 1992లో ప్రజల ఓటుతో రాజ్యాంగ సవరణ చేయించారు. 1993లో టికెట్ల అమ్మకంతో పాటే హోప్ స్కాలర్‌షిప్ కూడా మొదలైంది. బి గ్రేడు సగటు ఉన్నవారికి ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఫీజు కట్టేవారు.

మొదట కుటుంబ ఆదాయ పరిమితి 66,000 డాలర్లు. మరుసటి ఏడాది లక్షకు పెంచారు, 1995లో పూర్తిగా ఎత్తేశారు. ఇంకో తప్పు కూడా జరిగింది. పేద విద్యార్థికి కేంద్రం నుంచి వచ్చే పెల్ గ్రాంటును మొదటి ఏళ్లలో హోప్ నుంచి మినహాయించేవారు. దాంతో అవసరం ఎక్కువున్న వాళ్లకే తక్కువ ముట్టేది. టికెట్లు ఎక్కువగా కొనేది చిన్న సంపాదనల వాళ్లు, లాభపడింది కలిగిన ఇళ్ల పిల్లలు. ఇది అన్యాయమే.

చివరికి లెక్క కూడా తప్పింది. ట్యూషన్ ఫీజులు, విద్యార్థుల సంఖ్య పెరిగినంత వేగంగా టికెట్ల ఆదాయం పెరగలేదు. 2011లో పుస్తకాల సాయం తీసేశారు. పూర్తి ట్యూషన్ ఫీజును 4కు 3.7 గ్రేడు సగటు, తగిన పరీక్ష మార్కులు ఉన్నవారికే పరిమితం చేశారు.

ఇక మన దగ్గరికి వస్తే, 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టం ప్రకారం ఒక్కో లాటరీకి వారంలో ఒక్క డ్రాయే తీయాలి, బంపర్ డ్రాలు ఏడాదికి ఆరు మించకూడదు, ఒకే అంకె మీద బహుమతి ఇచ్చే లాటరీ కుదరదు. తన లాటరీ నడపని రాష్ట్రం ఇతరుల టికెట్లను నిషేధించవచ్చని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లాటరీ లేదు, బయటి టికెట్లు అమ్మకూడదు.

కేరళ తొలి డ్రా 1968 జనవరి 26న. టికెట్టు రూపాయి, మొదటి బహుమతి 50,000. ఇప్పుడు 50 రూపాయల టికెట్టును ఉదాహరణకు తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతంగా ఉన్న జీఎస్టీ ఆ ధరలోనే కలిసి ఉంటుంది. అంటే 14 రూపాయల 29 పైసలు పన్నుకే పోతుంది, అందులో సగం కేంద్రానిది. మిగిలిన 35 రూపాయల 71 పైసల్లోంచే బహుమతులు, ఏజెంట్ల కమీషన్, ముద్రణ ఖర్చు. వీటన్నిటికీ పోగా స్కాలర్‌షిప్‌కు మిగిలేది స్వల్పం. పైగా కేరళ కారుణ్య లాటరీ డబ్బు పెట్టింది కాలేజీ ఫీజులకు కాదు, పేదల వైద్యానికి.

మన రీయింబర్స్‌మెంట్ 2008 నుంచీ బడ్జెట్ డబ్బుతోనే నడుస్తోంది. 2020లో మొదలైన విద్యా దీవెన పేరుతో 2021 నుంచి తల్లుల ఖాతాల్లోకి వేశారు, 2024 తర్వాత మళ్లీ కాలేజీలకే ఇస్తున్నారు. డబ్బు చేరే ఖాతా మారింది గానీ విడుదల తేదీకి చట్టబద్ధమైన పూచీ రాలేదు. లాటరీ సొమ్మును చట్టం ప్రకారం రాష్ట్ర పబ్లిక్ ఖాతాలోనే జమ చేయాలి. వేరే గ్యారంటీ రాసుకోకపోతే అక్కడా అదే ఆలస్యం జరుగుతుంది. ముందు చేయాల్సింది త్రైమాసిక విడుదల తేదీని చట్టంలో పెట్టడం, విడుదల ఆలస్యమైతే కాలేజీ ఒరిజినల్స్ ఆపకుండా కట్టడి చేయడం. ఈ రెండింటికీ టికెట్లు అమ్మాల్సిన అవసరం లేదు.