ప్రెయిరీ కాపురాలు: అన్నీ ఇంట్లోనే చేసుకునేవారా?

1860-1890 మధ్య అమెరికాలోని నెబ్రాస్కా, కాన్సస్ గడ్డిమైదానాల్లో (వాటినే ప్రెయిరీ అంటారు) కాపురం పెట్టిన కుటుంబాల చేతిపనులు సందర్శకులకు చేసి చూపించడం నా పని. వచ్చినవాళ్లు కొన్ని మాటలు పదే పదే అంటుంటారు.

అపోహ: బట్ట నేయడం దగ్గర్నుంచి కొవ్వొత్తుల దాకా అన్నీ ఇంట్లోనే.

వాస్తవం: అన్నిటికంటే మొండి అపోహ ఇదే. అప్పటికే మిల్లు బట్ట చౌకగా దొరికేది. ఆడవాళ్లు వెన్న, గుడ్లు కొట్లో ఇచ్చి పూల చీటిగుడ్డ, కాఫీ, కిరోసిన్ తెచ్చుకునేవారు. చికాగోలో మాంట్‌గొమరీ వార్డ్ అనే వ్యాపారి 1872లోనే పోస్టులో ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టాడు. క్విల్టులు (గుడ్డముక్కలు కలిపి కుట్టే బొంతలు) కూడా పాత గుడ్డపేలికలతోనే కుట్టలేదు. అందుకోసమే కొత్త గుడ్డ కొన్నవాళ్లు ఎందరో.

సబ్బు మాత్రం చాలా ఇళ్లలో చేసేవారు. అడుగున చిల్లులున్న తొట్టిలో కట్టెల బూడిద నింపి, పైనుంచి నీళ్లు పోస్తే గోధుమరంగు క్షారం బొట్లు బొట్లుగా దిగుతుంది. అందులో గుడ్డు తేలి, నాణెమంత మేర పైకి కనిపిస్తే ఘాటు సరిపోయినట్టు. దాన్ని కొవ్వుతో కలిపి గంటల తరబడి ఉడికిస్తే వచ్చేది బిళ్ల కాదు, జిగట ముద్ద. బూడిదలో పొటాషియం ఎక్కువ కదా, దానితో సబ్బు మెత్తగానే వస్తుంది! గట్టిపడాలంటే ఉప్పు వేయాలి. అయితే వాగుల ఒడ్డున తప్ప చెట్టు కనిపించని చోట అంత బూడిద ఎక్కడిది? అందుకే చాలామంది డబ్బాల్లో అమ్మే క్షారం కొనేవారు. మీరెవరైనా ప్రయత్నిస్తే గ్లవ్స్, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా దాన్ని ముట్టుకోవద్దు.

పొయ్యిలోకి ఎండిన బైసన్ (అమెరికా అడవిదున్న) పేడ, మొక్కజొన్న కండెలు, మెలిపెట్టిన గడ్డి వాడేవారు. పిడకల మీద వండిన మనకిది వింతేమీ కాదు.

అపోహ: మట్టి ఇళ్లంటే ఏదో హడావిడిగా కట్టేసిన గుడిసెలు.

వాస్తవం: వేళ్లు దట్టంగా అల్లుకున్న నేలను నాగలితో పట్టీలుగా లేపి, ఇటుకల్లా కోసి, గడ్డి వైపు కిందికి పెట్టి పేర్చేవారు. రెండడుగులకు పైగా మందం గోడలు, ఎండాకాలం చల్లన, చలికాలం వెచ్చన. కప్పుతోనే తంటా. వాన వెలిశాక కూడా బురదనీరు కారేది. మట్టి, పురుగులు వంటలో పడకుండా లోపల మస్లిన్ గుడ్డ కట్టేవారు.

అపోహ: అదంతా ఎవరూ లేని ఖాళీ నేల.

వాస్తవం: 1862 హోమ్‌స్టెడ్ చట్టం ఐదేళ్లు ఉండి సాగుచేసినవారికి 160 ఎకరాలు ఇచ్చింది; భర్త లేని ఆడవాళ్లూ సొంత పేరున పొందారు. కానీ ఆ నేలలో మనుషులున్నారు. నెబ్రాస్కాలోని ప్లాట్, లూప్ నదుల వెంట పానీ అనే స్థానిక అమెరికన్ తెగ ఆడవాళ్లు తరతరాలుగా మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించారు. 1870లలో ఆ తెగను నేటి ఓక్లహోమా ప్రాంతానికి తరలించారు. ఈ సంగతి చెప్పాకే నేను సబ్బు తొట్టి దగ్గరికి తీసుకెళ్తాను.