మీడియేటర్ తీర్పు చెప్పడండీ! కొన్ని అపోహలు, వాస్తవాలు

వ్యాపార తగాదాల్లో రెండు పార్టీలనీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే మీడియేటర్‌ని నేను. పోయిన వారం కూడా అదే జరిగింది. లోపలికి వచ్చినాయన కుర్చీ నా వైపు తిప్పుకుని, ఇన్‌వాయిస్‌ల ఫైలు నా ముందు పెట్టి, "సార్, మీరే చూసి న్యాయం చెప్పండి" అన్నాడు. పక్కనే కూర్చున్న అవతలి పార్టీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. మీడియేటర్ తీర్పు చెబుతాడనుకోవడం, వ్యాపార తగాదాల్లో జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

తప్పు వాళ్లది కాదు. మనం ఆర్బిట్రేటర్‌నీ మధ్యవర్తి అంటాం, మీడియేటర్‌నీ మధ్యవర్తి అంటాం. ఊళ్లో పెద్దమనిషి రెండు వైపులా విని "నువ్వింత ఇయ్యి, నువ్వింత వదులుకో" అని తెగ్గొట్టేస్తాడు. ఆర్బిట్రేటర్ అవార్డు, అంటే ఇద్దరూ కట్టుబడాల్సిన తీర్పు, రాస్తాడు. నాకు ఆ రెండు అధికారాలూ లేవు. మీరిద్దరూ ఒప్పుకుంటే తప్ప నేను రాసే కాగితం చిత్తుకాగితమే.

అయితే నష్టమేంటి అంటారా? తీర్పు చెప్పేవాడనుకుంటే మనిషి అంకె పెంచుతాడు, అవసరం దాస్తాడు. విడిగా కూర్చోబెట్టి మాట్లాడినప్పుడు కూడా నా దగ్గర అదే పాట పాడితే నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

ఆనవాళ్లు మార్చి ఒక సంగతి చెబుతాను. బాలానగర్‌లో ప్యాకింగ్ మెషిన్లు చేసే ఒకాయనకి ఒక మసాలా యూనిట్ నుంచి 22 లక్షలు రావాలి. సీలింగ్ సరిగ్గా పడక ప్యాకెట్లు లీకవుతున్నాయని వాళ్లు బాకీ ఆపేశారు. రెండు సిట్టింగులు "22, ప్లస్ వడ్డీ" తప్ప ఆయన నోట ఇంకో మాట లేదు. మూడోసారి ఫైలు మూసేసి, "ఈ డబ్బు వస్తే ముందు దేనికి వాడతారు?" అని అడిగాను. చాలాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. లోన్ కిస్తీ కట్టక 80 రోజులైందట. 90 దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే బ్యాంకు లెక్కల్లో మొండి బాకీ. పది రోజుల్లో 6 లక్షలు కావాలి. "ఇది ముందే చెబితే మీరు 6కే రాసేస్తారనుకున్నా సార్" అన్నాడు.

పక్క గదిలో వాళ్ల దగ్గర డబ్బుంది. వాళ్ల భయమల్లా, ఇచ్చేశాక ఈయన ఫోన్ ఎత్తడని. లోన్ సంగతి వాళ్లకి చెప్పమంటారా అని ఈయన్ని అడిగితే వద్దన్నాడు. చెప్పలేదు. పెద్ద మొత్తం వెంటనే ఇస్తే మెషిన్ కూడా వెంటనే చూస్తారట అని మాత్రం, ఆయన సరేనన్నాకే, అటు చేరవేశాను. వారంలో 7 లక్షలు, కొత్త సీలింగ్ యూనిట్, మిగతాది నాలుగు వాయిదాల్లో. మొత్తం 19.5 లక్షలకి తెగింది. వడ్డీ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

విడిగా చెప్పింది మీ అనుమతి లేకుండా అవతలికి వెళ్లదు. కుదరకపోతే కోర్టులో మీ మీద వాడనివ్వరు కూడా. 2023 మీడియేషన్ చట్టం సంగతి అలా ఉంచండి, 2010లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: కుదరకపోతే మీడియేటర్ "కుదరలేదు" అని ఒక్క ముక్క రాయాలి, లోపలి మాటలు రాయకూడదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ముందు అంకె చెప్పినవాడు చచ్చాడు" అంటారు. చాలాసార్లు తిరగబడే మాట ఇది. 1974లో మనస్తత్వవేత్తలు ట్వెర్‌స్కీ, కానమన్ రాసిన ఒక ప్రయోగంలో 10 దగ్గరో 65 దగ్గరో ఆగే చక్రం తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో అడిగారు. 10 చూసినవాళ్ల మధ్యస్థ అంచనా 25, 65 చూసినవాళ్లది 45. సంబంధం లేని అంకే అంత లాగితే, బిల్లులతో చూపించగల అంకె ఎంత లాగుతుందో చూసుకోండి. అలాగని 22 లక్షల బాకీకి కోటిన్నర అడిగితే అవతలి లాయరు బ్యాగు సర్దుకుంటాడు.

"మీడియేషన్‌కి వెళ్తే లిమిటేషన్ (దావా వేసే గడువు) దాటిపోతుంది." ఈ వాట్సాప్ మెసేజ్ ఎవడు మొదలుపెట్టాడో గానీ నా దగ్గరికి నెలకొకరు భయపడుతూ వస్తారు. కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ కింద, దావాకి ముందు జరిగే మీడియేషన్ నడిచే సమయం లిమిటేషన్‌లో లెక్కకి రాదు. మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు. అవతలివాడు రాకపోతే మీడియేషన్ మొదలే కాలేదని చెప్పే నాన్-స్టార్టర్ రిపోర్ట్ తీసుకుని దావా వేసుకోవచ్చు. అసలు 3 లక్షలు, ఆపై విలువున్న వాణిజ్య తగాదాల్లో అర్జెంట్ ఆర్డర్ అవసరం లేనప్పుడు ముందు ఇటు రాక తప్పదు. 2022లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

"సెటిల్‌మెంట్ కాగితం ఎందుకూ పనికిరాదు." 12ఎ కింద కుదిరినదానికి ఆర్బిట్రల్ అవార్డుకున్నంత బలం ఉంది. ఎగ్గొడితే మళ్లీ దావా అక్కర్లేదు, నేరుగా కోర్టు ద్వారా అమలు చేయించుకునే ఎగ్జిక్యూషనే.

కుర్చీ తిప్పుకున్నాయనకి గురువారం మళ్లీ సిట్టింగ్ ఉంది. ఈసారి ఇన్‌వాయిస్‌ల ఫైలు ఇంట్లోనే పెట్టి, వచ్చే ఆరు నెలల్లో ఏ తారీకుకి ఎవరికి ఎంత కట్టాలో ఒక కాగితం మీద రాసుకు రమ్మన్నాను.