పొడుగు మెట్ట ఊరు: టెగల్‌డోవో ఆడవాళ్ళు పాదాల మీద సిమెంటు ఎందుకు పోయించుకున్నారు

జావా భాషలో టెగల్ అంటే వాన మీద ఆధారపడ్డ చేను, మన మాటల్లో మెట్ట. డోవో అంటే పొడుగు. రెండూ కలిపితే ఒక ఊరి పేరు: టెగల్‌డోవో. ఇండోనేషియాలోని మధ్య జావా రాష్ట్రంలో, ఉత్తర తీరాన ఉన్న రెంబాంగ్ జిల్లాలో, గునెమ్ మండలంలో ఉంటుంది. ఇటు టేకు అడవి, అటు సున్నపురాయి కొండలు, మధ్యలో చేలు. వరి, మొక్కజొన్న, కర్రపెండలం, మిరప పండిస్తారు. ఇంటి వెనక ఒకటో రెండో ఆవులు ఉంటాయి. పెళ్ళికో పిల్లల చదువుకో డబ్బు కావాల్సి వస్తే వాటిలో ఒకదాన్ని అమ్ముతారు. బాలీ చూడ్డానికి వెళ్ళే లక్షల మందిలో ఈ ఊరి పేరు విన్నవాళ్ళు దాదాపు ఉండరు.

2016 ఏప్రిల్‌లో టెగల్‌డోవో పక్కనున్న కెండెంగ్ సున్నపురాయి కొండల ఊళ్ళ నుంచి తొమ్మిది మంది ఆడవాళ్ళు, అక్కడ కడుతున్న సిమెంటు కర్మాగారం వద్దని దేశ రాజధాని జకార్తా వెళ్ళి, అధ్యక్ష భవనం ఎదుట చెక్కపెట్టెల్లో పాదాలు పెట్టి, వాటి మీద సిమెంటు పోయించుకున్నారు. ఆ ఫొటోలు చాలా దేశాల పత్రికల్లో వచ్చాయి. మీడియా దృష్టి కోసం చేసిన పని అని కొందరు కొట్టిపారేశారు. అది సరైన మాట కాదని నా నమ్మకం. ఆ రోజు వెనక వందేళ్ళకు పైబడిన కథ ఉంది. అది తెలియకపోతే ఆ పెట్టెలు అర్థం కావు.

ముందు కొండ సంగతి. కెండెంగ్ కొండల్లో ఊరి పక్కన ఉన్న సున్నపురాయి ప్రాంతాన్ని వతుపుతిహ్ అంటారు, అంటే తెల్లరాయి. బెలుం గుహల్లోకి దిగినవాళ్ళకు సున్నపురాయి ఎలా ఉంటుందో తెలుసు: పైన ఎండిన రాయి, లోపల నీళ్ళు తొలిచిన దారులు. వతుపుతిహ్ కూడా అంతే. వానాకాలంలో పడిన నీరు కొండ మీద నిలవదు. పగుళ్ళలోంచి లోపలికి ఇంకి, రాతి పొరల్లో నిలిచి, నెమ్మదిగా కిందికి దిగి, కొండ పాదాల దగ్గర ఊటలుగా బయటికొస్తుంది. రాయలసీమలో బుగ్గ అంటామే, అలాంటివి. ఉద్యమకారులు, గుహల్లో తిరిగే ఔత్సాహికులు కలిసి లెక్క తీస్తే ఈ ప్రాంతంలో 109 ఊటలు, 49 గుహలు, భూమి లోపల పారే 4 ఏరులు తేలాయి. అన్నిటికంటే పెద్ద ఊట పేరు సుంబెర్ సెమెన్. ఇండోనేషియా భాషలో సిమెంటును కూడా సెమెన్ అనే అంటారు. పేర్లు అలా కలవడం కేవలం యాదృచ్ఛికం. కానీ తర్వాత జరిగింది తలుచుకుంటే ఆ పేరు చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

జావాలో సుమారు మే నుంచి అక్టోబరు దాకా వానలుండవు. ఆ ఆరు నెలలూ ఊరిని బతికించేది కొండ దాచిపెట్టుకున్న నీరే. సిమెంటుకు కావలసింది కూడా ఆ కొండ రాయే. పైపొర తవ్వేస్తే నీటిని పట్టి ఉంచే భాగమే పోతుంది. ఈ సంగతి రైతులకు శాస్త్రవేత్తలు చెప్పాల్సిన అవసరం రాలేదు. 2011లో అధ్యక్షుడి ఉత్తర్వు ప్రకటించిన భూగర్భ జలాల పరీవాహక ప్రాంతాల జాబితాలో వతుపుతిహ్ కూడా ఉంది. అంటే కింద నీళ్ళున్నాయని ప్రభుత్వానికీ కాగితం మీద తెలుసు.

ఇప్పుడు వెనక్కి వెళ్ళాలి, టేకు దగ్గరికి. డచ్చివాళ్ళ కాలంలో రెంబాంగ్, బ్లోరా ప్రాంతాలు జావా టేకుకు గుండెకాయ. ఓడలకు, ఇళ్ళకు, తర్వాత రైలు పట్టాల కింద దిమ్మెలకు టేకు కావాలి. 1865లో జావాకు మొదటి అటవీ చట్టం వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో హద్దులు గీశారు, రాళ్ళు పాతారు. నిన్నటి దాకా ఇంటికి వాసం, పొయ్యికి కట్టెలు, పశువుకు మేత ఇచ్చిన అడవిలో అడుగు పెడితే నేరం అయింది.

బ్లోరా దగ్గర ప్లోసో కెదిరెన్ అనే ఊళ్ళో 1859లో పుట్టిన సామిన్ సురోసెంటికో అనే రైతు 1890 ప్రాంతంలో చుట్టుపక్కల వాళ్ళకు తన ఆలోచనలు చెప్పడం మొదలుపెట్టాడు. కత్తి పట్టలేదు. ఆయన అనుచరులు మామూలు మనుషులుగానే, మామూలు పనులు మానుకుంటూ ఎదురు నిలిచారు. 1905 నాటికి ఊరి ధాన్యం కొట్టుకు వాటా ఇవ్వడం మానేశారు, ఉమ్మడి మందలోకి పశువులను తోలడం మానేశారు. తర్వాత పన్ను కట్టబోమన్నారు. అధికారి ఏం అడిగినా మాటను మాటగా పట్టుకుని జవాబిచ్చేవారు. కొలత వేయడానికి సర్వేయరు వస్తే చేలో అడ్డంగా పడుకుని ఇది నాది అనేవారని చెబుతారు. వాళ్ళ నోట ఎప్పుడూ ఉండే మాట ఒకటుంది: "లెమాహ్ పొదొ దువే, బన్యు పొదొ దువే, కాయు పొదొ దువే." నేల అందరిదీ, నీళ్ళు అందరివీ, కర్ర అందరిదీ.

1907లో డచ్చి ప్రభుత్వం సామిన్‌ను అరెస్టు చేసి సుమత్రా పంపేసింది. 1914లో అక్కడే పదాంగ్‌లో చనిపోయాడు. ఆయన మాట మాత్రం ఊళ్ళలో మిగిలింది. ఆ దారిలో నడిచేవాళ్ళు తమను సెడులుర్ సికెప్ అని పిలుచుకుంటారు. ఒకటి స్పష్టంగా చెప్పాలి: టెగల్‌డోవో జనం ఎక్కువగా ముస్లిం రైతులు, వాళ్ళు సామిన్ వారసులు కారు. సికెప్ కుటుంబాలు ఉండేది పక్క జిల్లాలైన బ్లోరా, పాతిలలో. రెండు వర్గాలనూ కలిపింది కొండ. స్వాతంత్ర్యం వచ్చాక కూడా టేకు అడవి రైతుల చేతికి రాలేదు. ప్రభుత్వ అటవీ సంస్థ పెర్హుతాని చేతికి వెళ్ళింది. జెండా మారింది, హద్దురాయి అక్కడే ఉంది.

సిమెంటు వైపు నుంచి చూస్తే ఇంకో దారి కనిపిస్తుంది. సెమెన్ గ్రెసిక్ ప్రభుత్వ సంస్థ. దాని మొదటి కర్మాగారాన్ని తూర్పు జావాలోని గ్రెసిక్‌లో 1957 ఆగస్టు 7న అధ్యక్షుడు సుకర్ణో స్వయంగా ప్రారంభించారు. కొత్త దేశానికి ఇళ్ళు, వంతెనలు, ఆనకట్టలు కావాలి, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అక్కడ రాయి తరిగాక 1990ల్లో సంస్థ తూబాన్‌కు కదిలింది. తూబాన్ రెంబాంగ్‌కు సరిహద్దు జిల్లా. అక్కడ తవ్విన కొండలను టెగల్‌డోవో వాళ్ళు కళ్ళారా చూశారు. 2000ల మధ్యలో సంస్థ పాతి జిల్లాలోని సుకొలిలోలో అడుగు పెట్టాలని చూసింది. అక్కడ గున్‌రెత్నో అనే సికెప్ రైతు, ఊరి ఆడవాళ్ళు కలిసి అడ్డుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, రైతులు గెలిచారు. ఆ పోరాటం నుంచి పుట్టిందే కెండెంగ్ కొండల సంరక్షణ వేదిక. దాన్ని జె.ఎమ్.పి.పి.కె. అంటారు.

పాతిలో తలుపు మూసుకుంటే రెంబాంగ్‌లో తెరుచుకుంది. 2012 జూన్ 7న అప్పటి మధ్య జావా గవర్నరు బిబిత్ వలుయో పర్యావరణ అనుమతి ఇచ్చారు. ఏడాదికి 30 లక్షల టన్నుల సిమెంటు తీసే కర్మాగారం, సుమారు 5 లక్షల కోట్ల ఇండోనేషియా రూపియాల పెట్టుబడి. ఆ మధ్యనే మాతృసంస్థ పేరు సెమెన్ ఇండోనేషియాగా మారింది. ఊళ్ళో అందరూ వద్దన్నారని చెబితే అబద్ధం అవుతుంది. ఉద్యోగం వస్తుందని ఆశపడ్డవాళ్ళు ఉన్నారు, భూమి అమ్ముకుని ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఒకే వాకిట్లో పెరిగిన బంధువులు మాట్లాడుకోవడం మానేశారు. ఈ నష్టాన్ని ఏ పర్యావరణ నివేదికా లెక్కలోకి తీసుకోదు.

2014 జూన్ 16న శంకుస్థాపన రోజున ఆడవాళ్ళు దారికి అడ్డంగా కూర్చున్నారు. పోలీసులు, సైనికులు వచ్చి లాగి పక్కకు పడేశారు. ఆ సాయంత్రం వాళ్ళు ఇళ్ళకు పోలేదు. దారి పక్కనే గుడారం వేసుకున్నారు. మగవాళ్ళు ముందుంటే కొట్లాట అవుతుంది, అదే సాకుగా కేసులు పెడతారు అన్నది వాళ్ళ లెక్క. అందుకే ఆడవాళ్ళే వంతులు వేసుకుని అక్కడ పడుకున్నారు. పగలు చేను, ఇల్లు, రాత్రి గుడారం. పెద్ద కర్ర రోళ్ళను రోకళ్ళతో లయగా దంచుతూ పాడేవాళ్ళు. వడ్లు దంచే ఆ చప్పుడే వాళ్ళ నినాదం. మూడేళ్ళకు దగ్గరగా నిలిచిన ఆ గుడారాన్ని 2017 ఫిబ్రవరిలో ఒక రాత్రి తగలబెట్టారు, పక్కన ఉన్న చిన్న ప్రార్థనా గదితో సహా.

వాళ్ళను కెండెంగ్ కార్తినిలు అన్నారు. కార్తిని అంటే ఇండోనేషియా ఆడపిల్లల చదువుకు ఆద్యురాలిగా ఆ దేశం ఏటా ఏప్రిల్ 21న తలుచుకునే మనిషి. పెళ్ళయి వచ్చింది రెంబాంగ్‌కే, 25 ఏళ్ళకే 1904లో కన్ను మూసిందీ సమాధి ఉన్నదీ ఈ జిల్లాలోనే. బడిలో ఆమె పాఠం చదువుకున్న రైతు స్త్రీలకు ఆ పేరు మీద హక్కు ఉందనే నేను అనుకుంటాను.

కోర్టు కథ ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే అసలు దెబ్బ అక్కడే తగిలింది. 2014 సెప్టెంబరులో రైతులు, పర్యావరణ సంస్థ వాల్హితో కలిసి, సెమరాంగ్ పరిపాలనా కోర్టుకు వెళ్ళారు. 2015 ఏప్రిల్ 16న కోర్టు కేసు కొట్టేసింది. కొండ గురించి, నీళ్ళ గురించి తేల్చలేదు. అనుమతి సంగతి తెలిసిన 90 రోజుల్లోపు రాలేదు కాబట్టి గడువు దాటిందని చెప్పింది. అప్పీలూ పోయింది. ఇక మిగిలింది సుప్రీంకోర్టులో పునర్విచారణ. కేసు నలుగుతుంటే కర్మాగారం గోడలు లేస్తూనే ఉన్నాయి. 2016 ఏప్రిల్‌లో పాదాల మీద సిమెంటు పోయించుకున్నది ఈ దశలో. కర్మాగారం వస్తే మా కాళ్ళు నేలలో ఇలాగే బిగుసుకుపోతాయని వాళ్ళు దేశాధ్యక్షుడికి చూపించారు.

ఆగస్టు 2న అధ్యక్షుడు జోకో విడోడో వాళ్ళను భవనంలోకి పిలిచి మాట్లాడారు. కెండెంగ్ ప్రాంతం మొత్తానికి పర్యావరణ అధ్యయనం చేయిస్తామని, అది తేలేదాకా తవ్వకాలు ఆపుతామని మాట వచ్చింది. 2016 అక్టోబరు 5న సుప్రీంకోర్టు రైతుల వైపు తీర్పు ఇచ్చింది. 2012 నాటి అనుమతి రద్దు అయింది. సెడులుర్ సికెప్ ముత్తాతల కాలం నుంచి ఈ కొండల్లో కాగితం ఎప్పుడూ రైతుకు ఎదురుగానే ఉంటూ వచ్చింది. అందుకే ఈ గెలుపు చాలా పెద్దది.

అయినా కర్మాగారం ఆగలేదు. డిసెంబరులో రైతులు రెంబాంగ్ నుంచి రాష్ట్ర రాజధాని సెమరాంగ్ దాకా సుమారు 150 కిలోమీటర్లు నడిచి, తీర్పు అమలు చేయమని గవర్నరు గన్జార్ ప్రనోవోను అడిగారు. 2024లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన గన్జార్ ఈయనే. 2017 జనవరి 16న ఆయన పాత అనుమతిని రద్దు చేశారు. 38 రోజులకు, ఫిబ్రవరి 23న, సవరించిన పర్యావరణ పత్రాల ఆధారంగా అదే కర్మాగారానికి కొత్త అనుమతి ఇచ్చారు. తీర్పు కొట్టేసింది పాత అనుమతిని, ఇది కొత్తది అన్నది ప్రభుత్వం వాదన. చట్టం చదువుకున్నవాళ్ళు దాన్ని సమర్థించే దారులు వెతకొచ్చు. రెండేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి, ఆ దేశంలో అతి పెద్ద కోర్టులో గెలిచిన రైతుకు మాత్రం దాన్ని ఏ మాటతో సర్దిచెప్పగలం?

మార్చి 13న మళ్ళీ జకార్తా, మళ్ళీ చెక్కపెట్టెలు. ఈసారి మగవాళ్ళు కూడా ఉన్నారు. రోజురోజుకూ సంఖ్య పెరిగి సుమారు 50 మంది అయ్యారు. రాత్రిళ్ళు న్యాయ సహాయ సంస్థ కార్యాలయంలో పడుకునేవారు. కాళ్ళు కదలవు కాబట్టి ఎక్కడికి వెళ్ళాలన్నా ఇంకొకరు మోసుకెళ్ళాలి. మార్చి 20న అధ్యక్షుడి కార్యాలయం ప్రతినిధులతో మాట్లాడాక, కొద్దిమంది ఉండి మిగతావాళ్ళు ఊళ్ళకు తిరిగి వెళ్ళాలని నిర్ణయించుకున్నారు. పాతి జిల్లా లారంగన్ ఊరికి చెందిన పత్మికి ఆ రాత్రే పాదాల సిమెంటు తీసేశారు. తెల్లవారితే ఇంటికి ప్రయాణం. తెల్లవారకముందే, 21వ తేదీన, గుండెపోటుతో చనిపోయింది. వయసు 48. సిమెంటు వల్లే చనిపోయిందని నేను అనను. ఆమె ఎందుకు ఇంటికి అంత దూరంలో ఉందో మాత్రం చెప్పాలి.

ఆ ఏడాది ఏప్రిల్ 12న అధ్యయనం మొదటి భాగం బయటికి వచ్చింది. వతుపుతిహ్ పరీవాహక ప్రాంతాన్ని కాపాడాలని, దాని స్థితి తేలేదాకా తవ్వకాలు చేయకూడదని సిఫారసు చేసింది. గుడారంలో మూడేళ్ళు ఆడవాళ్ళు చెప్పింది, ప్రభుత్వం పిలిపించిన నిపుణులు చెప్పింది ఇక్కడ కలిశాయి. సిఫారసు పుస్తకంలో ఉంది. కర్మాగారం సెమెన్ గ్రెసిక్ పేరుతో నడుస్తోంది.

టెగల్‌డోవోలో మొదటి వాన పడగానే మొక్కజొన్న విత్తనం వేస్తారు. సున్నపురాయి లారీలు తిరిగేది ఆ ప్రాంతంలోనే. సుంబెర్ సెమెన్ ఊట నీరు గొట్టాల్లో రెంబాంగ్, లాసెమ్ పట్టణాల ఇళ్ళకు వెళ్తుంది. గుడారం కాలిపోయాక కూడా ఆడవాళ్ళు సభల్లో, ఊరేగింపుల్లో రోకళ్ళు పట్టుకుని దంచుతూనే ఉన్నారు.