గ్రిడ్ పడటం, లేవడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

విద్యుత్ గ్రిడ్ (కేంద్రాలనూ ఊళ్లనూ కలిపే లైన్ల అల్లిక) ఎంత దెబ్బను తట్టుకుంటుంది, పడితే ఎంత సేపట్లో లేస్తుంది అని కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా వృత్తి. తరచూ వినే మాటలకు నా జవాబులివి.

అపోహ: ప్రతి పరికరమూ సరిగా పనిచేస్తే గ్రిడ్ కూలదు.

వాస్తవం: 2012 జూలై 30, తెల్లవారుజామున 2:33. ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మొదట గ్రిడ్ నుంచి విడిపోయిన, మధ్యప్రదేశ్‌లోని బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైనులో ఏ లోపమూ లేదు. దాని జంట లైనును స్థాయి పెంచే పనుల కోసం ఆపి ఉంచారు. ఆ భారమూ దీనిమీదే పడింది. కరెంటు పెరిగి వోల్టేజీ తగ్గితే, రిలే (లోపం కనిపిస్తే లైనును విడదీసే రక్షణ పరికరం) కంటికి అది ఎక్కడో దూరాన జరిగిన షార్ట్ సర్క్యూట్‌లాగే ఉంటుంది. నేర్పిన పాఠం ప్రకారం లైనును విడదీసింది. భారం పక్క లైన్ల మీదికి మళ్లింది, అవీ వరుసగా విడిపోయాయి. మరునాడు మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ అదే కథ; ఈసారి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడ్డాయి. 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతమది. ఇక్కడ ఒకటి విడిపోవడమే మిగతావాటినీ విడదీసింది. అది మరిచి ఒక్కో పరికరం చెడే అవకాశాన్ని విడివిడిగా తీసుకుని గుణించుకుంటూ పోతే సున్నాకు దగ్గరగా ముచ్చటైన అంకె వస్తుంది. ఆ అంకె చూపించే నివేదికను నేను పక్కన పెట్టేస్తాను.

అపోహ: గ్రిడ్లను ఎంత కలిపితే అంత భద్రం.

వాస్తవం: ఆ రెండు రోజులూ దక్షిణ గ్రిడ్ నిలబడే ఉంది. అందులో మన గొప్పేమీ లేదు. అప్పటికి మనం మిగతా దేశంతో డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) లింకుల ద్వారానే కలిసి ఉన్నాం కనుక అక్కడి ఊగిసలాట ఇటు పాకలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో ఒకే ఫ్రీక్వెన్సీలోకి వచ్చాం, అంటే దేశమంతా ఒకే లయలో నడిచే ఒక్క గ్రిడ్ అయింది. కరెంటు తెచ్చుకునే దారి పెరిగింది, కుదుపు వచ్చే దారీ తెరుచుకుంది.

అపోహ: గ్రిడ్‌ను లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ ఉంటే ఎప్పుడు కూలుతుందో తెలుస్తుంది.

వాస్తవం: తెలియదు. ఏ లైను ఆగి ఉండగా ఏ దెబ్బ ప్రమాదమో చెప్పగలం, అంతే.

అపోహ: పడకుండా చూస్తే చాలు.

వాస్తవం: లేవడమే కష్టం. థర్మల్ కేంద్రం మొదలవ్వాలంటే దాని పంపులకూ ఫ్యాన్లకూ ముందు బయటి కరెంటు కావాలి. అందుకే బయటి కరెంటు లేకుండా మొదలవ్వగల జలవిద్యుత్ కేంద్రాలతో మొదలుపెడతారు. తుపానుల్లో సమస్య ఇంకో రకం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు స్తంభాలతో పాటు చెట్లూ నేలకూలాయి. కొత్త స్తంభం సిద్ధంగా ఉన్నా, దాన్ని మోసుకొచ్చే లారీకి దారి ఉండాలి కదా! తీగలూ ట్రాన్స్‌ఫార్మర్లూ మాత్రమే ఉన్న మోడల్‌లో రోడ్డుకు అడ్డంగా పడ్డ ఆ చెట్టుకు చోటే లేదు.