కాశీ రాయి చెప్పిన సంగతి: ఉల్కాశిలల్లో ఏముందో ఎలా తేలింది

1768 సెప్టెంబరు 13న ఫ్రాన్సులోని లూసేలో పట్టపగలు ఆకాశం నుంచి ఒక రాయి పడింది. పారిస్ విజ్ఞాన అకాడమీ పరీక్ష పని ముగ్గురికి అప్పగించింది. వారిలో రసాయనవేత్త లవోయిజర్ ఒకడు. రాయిని మొత్తంగా నూరి లెక్క తేల్చారు: నూటికి 55½ పాళ్లు గాజులా కరిగే మట్టి, 36 ఇనుము, 8½ గంధకం. ఇది నేల మీది గంధకపు రాయే, పిడుగు పడి పైన మాడింది అన్నారు. చిక్కు అంకెల్లో లేదు, నూరడంలో ఉంది. లోహపు రవ్వ, గంధకం పట్టిన ఇనుము, మట్టి వేటికవి విడిగా ఉన్న సంగతి ఆ పొడిలో కలిసిపోయింది.

1798 డిసెంబరు 19 రాత్రి కాశీ దగ్గర క్రాఖుట్ పరిసరాల్లో రాళ్లు కురిశాయి. వాటి ముక్కలు లండన్‌లో రసాయనవేత్త ఎడ్వర్డ్ హొవార్డ్ చేతికి వచ్చాయి. ఆయన వెంటనే నూరలేదు. ఖనిజాలు తెలిసిన కౌంట్ డి బూర్నాన్ ముందు రాయిని నాలుగుగా విడదీశాడు: సాగే లోహపు రవ్వలు, పసుపుపచ్చ గంధకపు ఇనుము, గుండ్రటి గింజలు, వీటన్నిటినీ పట్టి ఉంచిన మట్టి. హొవార్డ్ ఒక్కొక్కదాన్ని వేరుగా పరీక్షిస్తే లోహంలో నికెల్ బయటపడింది. ఇటలీలోని సియెనా, ఇంగ్లండులోని వోల్డ్ కాటేజ్, బొహీమియాలోని టాబర్‌లలో పడిన రాళ్లలోనూ అదే కథ. ఒకదానికొకటి ఎంతో దూరంలో పడిన రాళ్లకు ఒకే పోలిక! 1802లో ఈ ఫలితం అచ్చయింది. మరుసటి ఏడాది ఫ్రాన్సులోనే లేగిల్ ఊరి మీద దాదాపు మూడు వేల రాళ్లు పడేసరికి ఆకాశం నుంచి రాళ్లు రావన్న వాదం చల్లారింది.

బూర్నాన్ చూసిన గింజలే ఇప్పుడు కాండ్రూల్స్. చాలావాటి వ్యాసం మిల్లీమీటరు లోపే. 0.03 మిల్లీమీటరు మందానికి అరగదీసిన పలకను సూక్ష్మదర్శినిలో పెడితే ఆలివిన్, పైరాక్సీన్ అనే ఖనిజాల స్ఫటికాలు, వాటి మధ్య గాజు కనిపిస్తాయి. అంటే కరిగిన చుక్కలు అంతరిక్షంలో చకచకా గడ్డకట్టాయి. నేల మీద పడుతుండగా చూసిన రాళ్లలో పదింట ఎనిమిదికి పైగా ఈ గింజల పేరు మీద కాండ్రైట్లు అనే జాతివే.

ఇనుప ఉల్కల సంగతి వేరు. కోసి, నున్నగా పాలిష్ చేసి, ఆల్కహాల్‌లో కొద్ది శాతం నత్రికామ్లం కలిపి పూస్తే నికెల్ తక్కువున్న కామసైట్ అనే లోహం మసకబారుతుంది, నికెల్ ఎక్కువున్న టీనైట్ అనే లోహం మెరుస్తూ గీతలుగా నిలుస్తుంది. లక్షల ఏళ్లు నెమ్మదిగా చల్లారితేనే వచ్చే అల్లిక అది, కొలిమిలో రాదు. ఆ తర్వాత ఆమ్లాన్ని పూర్తిగా కడిగి, తడి పోయేలా ఆల్కహాల్‌లో ముంచి ఆరబెట్టాలి. ఇక్కడ తొందరపడితే పగుళ్లలో మిగిలిన తేమ, క్లోరిన్ కలిసి ముక్కను లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి.

పాత ఇనుప కొలిముల చోట దొరికే చిట్టెం చూసి ఉల్క అనుకునేవాళ్లు ఎక్కువ. అయస్కాంతానికి రెండూ అంటుకోవచ్చు. అందుకే విరిచి చూడాలి: లోపల బుడగల గుంతలుంటే దాదాపుగా చిట్టెమే. పైగా బలమైన అయస్కాంతం రాయిలోని ప్రాచీన అయస్కాంత ముద్రను చెరిపేస్తుంది, కాబట్టి దాన్ని తాకించకపోవడమే మేలు.

గ్రహశకలాలతో చాలాకాలం ఒక పేచీ నడిచింది. కాండ్రైట్లు ఎక్కడివో చెప్పాలంటే ఎస్ రకం అనే రాతి శకలాలే తగినవి, కానీ వాటి వెలుగు మరీ ఎర్రగా కనిపించేది. 2010లో జపాన్ హయబుసా నౌక ఇటొకావా అనే ఎస్ రకం శకలం నుంచి తెచ్చిన రేణువులు సరిగ్గా కాండ్రైట్ పదార్థమే. సౌరగాలి, చిన్న తాకిడుల వల్ల రేణువుల పైపొరలో పుట్టిన అతి సూక్ష్మ ఇనుప కణాలే రంగు మార్చాయి.

ఇంకో పొరపాటు మ్యూజియంలోనే జరిగింది. 1864 మే 14న ఫ్రాన్సులోని ఓర్గేయ్‌లో పడిన నల్లరాయిలో తెల్లటి సల్ఫేట్ చారలున్నాయి. శకలం మీద పారిన నీటి గుర్తులుగా వాటిని చాలాకాలం చదివారు. 2020లో హయబుసా2 నౌక ర్యూగు అనే గ్రహశకలం నుంచి అదే జాతి పదార్థం 5.4 గ్రాములు తెచ్చింది. గాలి తగలకుండా తెరిస్తే అందులో సల్ఫేట్లు లేవు. ఓర్గేయ్ చారలు అల్మారాలోని తేమ పనే. 2023లో బెన్ను అనే గ్రహశకలం నుంచి వచ్చిన 121.6 గ్రాములను అందుకే నైట్రోజన్ నింపిన పెట్టెల్లో, చేతి తొడుగుల వెనక నుంచి ముట్టుకుంటున్నారు.