మెరక మీద కాలువ, పల్లంలో కాలనీ: డెల్టా పట్టణాల్లో ప్లానింగు చదువు ఎక్కడ ఆగింది?

గోదావరి డెల్టా పట్టణాల్లో గట్టి వాన పడితే ముందుగా మునిగేది చాలాచోట్ల కొత్త కాలనీలే. పాత ఊరి వీధుల్లోంచి నీళ్లు తొందరగా దిగిపోతాయి. నిన్నగాక మొన్న వేసిన లేఅవుట్లలో మాత్రం రోజుల తరబడి నిలిచిపోతాయి. ఇల్లు కట్టుకున్నవాళ్లు మునిసిపాలిటీని నిలదీస్తారు, మునిసిపాలిటీ డ్రెయినేజీ శాఖ వైపు చూపిస్తుంది. ఆ స్థలం కొనేనాడు అది మెరకా పల్లమా, అక్కడి మురుగు ఏ డ్రెయిన్‌లో కలుస్తుంది అని అడగాలని ఆ కొన్నవాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఒకప్పుడు డెల్టాలో ప్రతి రైతుకూ తెలిసిన సంగతి ఇది. పట్టణంలో అది ఎలా మరుగున పడిందో తెలియాలంటే ధవళేశ్వరం నుంచి మొదలుపెట్టాలి.

1833 నాటి నందన కరువు, 1839లో కోరంగిని తుడిచిపెట్టిన ఉప్పెన తర్వాత, 1847లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టిన ఆనకట్ట గురించి అందరూ చెబుతారు. దాని కింద కాలువలు తవ్విన తీరు గురించి చెప్పేవాళ్లు తక్కువ. పంటకాలువను మెరక మీదుగా తీసుకెళ్లాలి, అప్పుడే నీళ్లు రెండువైపులా వాటంతటవే చేలకు పారతాయి. రెండు మెరకల నడుమ ఉన్న పల్లంలో మురుగు దిగాలి. ఆ పల్లాల్లోని పాత ఏటిపాయలు, వాగులే క్రమంగా డ్రెయిన్లయ్యాయి. యనమదుర్రు, కౌశిక లాంటి పేర్లు ఇప్పటికీ వింటున్నాం. డెల్టా ఈ రెండింటి మీద బతుకుతోంది: నీళ్లు తెచ్చేది ఒకటి, తీసుకుపోయేది ఇంకొకటి. సముద్రం దగ్గరపడేకొద్దీ నేల వాలు దాదాపు ఉండదు. పోటు వేళ సముద్రం మురుగును వెనక్కి తోస్తుంది. గుర్రపుడెక్క, తూడు పట్టినా, ఎవరో ఒకరు నాలుగు గజాలు పూడ్చినా, పైనున్న ఊరు మునుగుతుంది.

తన చేను ఏ బోదె (చేలకు నీళ్లు పారే చిన్న కాలువ) కింద ఉందో, మురుగు ఏ డ్రెయిన్‌కి పోతుందో రైతుకు నోటికి తెలుసు. తెలియకపోతే పంట పోతుంది కదా. పాత ఊళ్లు కూడా ఈ లెక్కతోనే కాలువగట్ల పక్కన, మెరక మీద పెరిగాయి. కాలువగట్టే రోడ్డయింది, లాకుల దగ్గర బజార్లు వెలిశాయి. పల్లాన్ని వరికి వదిలేశారు.

పట్టణ ప్రణాళిక ఒక శాస్త్రంగా ఈ ప్రాంతపు చట్టాల్లోకి వచ్చిన కథ మద్రాసులో మొదలవుతుంది. స్కాట్లాండుకు చెందిన పట్టణ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్‌ను అప్పటి గవర్నరు లార్డ్ పెంట్‌లాండ్ పిలిపించాడు. గెడ్డెస్ పట్టణాల పటాలు, బొమ్మలతో ఒక పెద్ద ప్రదర్శన తీసుకొస్తుండగా, 1914లో దాన్ని మోస్తున్న ఓడను జర్మన్ల ఎండెన్ నౌక ముంచేసింది. మిత్రుల దగ్గర మళ్లీ పటాలు సేకరించి 1915లో మద్రాసు సెనేట్ హౌస్‌లో ప్రదర్శన పెట్టారు. ఆ ప్రదర్శన ఇంజినీర్ల కోసమే పెట్టింది కాదు. తన ఊరు ఎలా ఏర్పడిందో, ఎటు పెరుగుతోందో మామూలు మనిషి కళ్లతో చూసి అర్థం చేసుకోవాలన్నది గెడ్డెస్ పట్టుదల. ఊరంతా కాలినడకన తిరిగి, రోగమేదో తెలుసుకున్నాకే మందు వేయాలనేవాడు. దోమల పేరు చెప్పి చెరువులు పూడ్చడాన్ని వ్యతిరేకించాడు. మన డెల్టాకు ఇంతకంటే సూటిగా పనికొచ్చే సలహా ఇంకొకటి నాకు కనబడలేదు.

1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో తర్వాత కూడా అదే ఆధారమైంది. ముసాయిదా ప్లాను ప్రకటించాలని, జనం అభ్యంతరాలు తీసుకోవాలని అందులో ఉంది. చట్టంలోకి ప్లాను ఎక్కింది, ప్రదర్శన ఎక్కలేదు. పటం చదవడం నేర్పకుండా పటం మీద అభ్యంతరం చెప్పమన్నారు. సభ పెట్టి జనానికి విషయం చెప్పే అలవాటు గోదావరి జిల్లాలకు కొత్తేమీ కాదు. 1890లోనే కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో టౌన్‌హాలు కట్టించారు. కాబట్టి లోటు జనం ఆసక్తిలో ఉందని నేననుకోను.

స్వాతంత్ర్యం తర్వాత నేర్చుకునే అవకాశం మళ్లీ వచ్చింది, అదీ రైతుకే. 1960ల వరదల తర్వాత డెల్టా మురుగు సమస్య మీద మిత్రా కమిటీ కూర్చుంది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాలకు డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చింది. డబ్బు కట్టినవాడికి అడిగే హక్కు ఉంటుంది, అడగాలంటే తెలుసుకోవాలి. 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతులకు చోటిచ్చే చట్టం వచ్చి నీటి సంఘాలు పుట్టాయి. ఏ తూము పాడైందో, ఎక్కడ పూడిక తీయాలో వాళ్లే కూర్చుని మాట్లాడుకునే వీలు కలిగింది. అదే కాలువ నీళ్లు తాగి, అదే డ్రెయిన్‌లోకి మురుగు వదిలే పట్టణవాసికి అలాంటి సంఘం లేదు. వేసవిలో కాలువలు కట్టేస్తే మునిసిపాలిటీ సమ్మర్ స్టోరేజీ ట్యాంకు నింపుకుందా లేదా అన్నంతవరకే అతనికి కాలువతో పరిచయం.

రాజ్యాంగం 74వ సవరణ ఆ లోటు తీర్చాల్సింది. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణతో పట్టణ ప్రణాళిక మునిసిపాలిటీల పనుల జాబితాలో మొట్టమొదటి అంశమైంది. వార్డు కమిటీలు కూడా వచ్చాయి. అయితే 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్నచోటే అవి తప్పనిసరి. భీమవరం, తాడేపల్లిగూడెం 2011 జనాభా లెక్కల్లో కూడా 2 లక్షల లోపే. అమలాపురమైతే ఇంకా చిన్నది. డెల్టాలో ఎక్కువ పట్టణాలు ఇలాంటివే. పెద్ద నగరాలను మనసులో పెట్టుకుని గీసిన ఆ గీతకు ఇవతల మన ఊళ్లు చాలావరకు మిగిలిపోయాయి.

అదే కాలంలో డబ్బు నేల రూపు మార్చేసింది. వరిచేలు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. ఊరి అంచున ఉన్న పల్లపు చేలు మట్టి తోలి మెరక చేసి వెంచర్లయ్యాయి. ఒక లేఅవుట్‌ను మెరక చేస్తే అక్కడి నీళ్లు పక్క చేలోకో, పాత కాలనీలోకో పోతాయి. బోదెలు, పుంతలు పటంలో ఉంటాయి గానీ నేల మీద కనబడవు. 2007లో, మళ్లీ 2020లో, అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే నిబంధనలు తెచ్చారు. అప్పటికే ఇళ్లు కట్టుకున్న మధ్యతరగతి వాళ్లను రోడ్డున పడేయలేం, ఆ ఇబ్బంది నిజమే. కానీ ముందు కొనెయ్, తర్వాత ఫీజు కట్టొచ్చు అన్న పాఠం ప్రతి ఇంటికీ చేరింది. ప్రభుత్వాలు ప్లానింగు గురించి జనానికి ఇంత బాగా నేర్పిన పాఠం ఇంకొకటి లేకపోవడం బాధాకరం.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. 2016 జనవరిలో కాకినాడ స్మార్ట్ సిటీల తొలి జాబితాలో చోటు సంపాదించింది. 2017లో గోదావరి పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. అదే ఏడాది వచ్చిన భవన, లేఅవుట్ నిబంధనల్లో ప్రతి కొనుగోలుదారుకూ తెలియాల్సిన కొలతలున్నాయి. 10 మీటర్ల కంటే వెడల్పైన కాలువ, వాగు, డ్రెయిన్ హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 2 మీటర్లు వదిలి కట్టాలి. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం స్థానిక సంస్థకు అప్పగించాలి. 2019లో వార్డు సచివాలయాలు వచ్చి, ప్లానింగు కోసమే ఒక కార్యదర్శిని పెట్టారు. ఆ కార్యదర్శి పని అనుమతులు, తనిఖీలతో సరిపోకుండా వార్డు జనానికి పటం విప్పి చూపించేదాకా వెళ్లాలి.

2022 ఏప్రిల్‌లో అమలాపురం, భీమవరం జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులు వస్తే లేఅవుట్లు వస్తాయి. మరోవైపు సముద్రం కూడా ఆగడం లేదు. కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ గుండా ఉప్పునీళ్లు ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడువారిపోతున్నాయి. కింద అవుట్‌ఫాల్ దగ్గర, అంటే డ్రెయిన్ సముద్రంలో కలిసేచోట, జరిగేదానికి పైనున్న పట్టణం కూడా లెక్క కట్టుకోవాల్సిన రోజులివి.

నేర్పడానికి కొత్త సంస్థ అక్కర్లేదు. సర్వే నంబర్లు, డ్రెయిన్లు, మెరక పల్లాల ఎత్తులు ఒకే పటం మీద తెలుగులో గీసి ప్రతి వార్డు సచివాలయం గోడకు అతికించవచ్చు. ముసాయిదా మాస్టర్ ప్లాను వచ్చినప్పుడు గెజిట్‌తో, పత్రికా ప్రకటనతో సరిపెట్టకుండా వార్డులో సభ పెట్టి, నీటి సంఘంలో పనిచేసిన రైతునే వచ్చి చెప్పమనొచ్చు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తూములు, ఆక్రమణలు పైకి తేలతాయి. హైస్కూలు పిల్లలనూ కాలనీ సంఘాలనూ తీసుకుని గట్టు వెంట నడవడానికి అదే అదను. భీమవరంలో యనమదుర్రు నుంచి, రాజమహేంద్రవరంలో ఆవ చానల్, నల్లా చానల్ నుంచి వచ్చే వేసవిలోనే మొదలుపెట్టవచ్చు.