ఇంకా పడని ఫ్లష్‌కి రెయిజ్ ఎందుకు?

రమ్మీ బాగా ఆడే మిత్రుడొకరు ఈ మధ్య పోకర్ లెక్కల్లో పడ్డారు. మొన్న అడిగారు: "నా చేతిలో రెండు ఆటీన్లు, బల్ల మీద రెండు. ఇంకొకటి పడితే ఫ్లష్, ఒకే జాతివి ఐదు. మిగిలినవి తొమ్మిది అంటారు. పక్కవాళ్ల చేతుల్లోకి రెండో మూడో పోయి ఉండవా?"

పోయి ఉండొచ్చు. అయినా లెక్కకి తొమ్మిదే. నేను చూసినవి ఐదు ముక్కలు (చేతిలో రెండు, బల్ల మీద మూడు), చూడనివి 47. పేక అడుగున ఉన్న ముక్క కూడా ఈ ఆటలో బయటికి రాదు, దాని గురించి ఎవరూ బెంగపడరు కదా! పక్కవాడి చేతిలోదీ అంతే. తర్వాతి ముక్క ఆటీను అయ్యే అవకాశం 47లో 9, అంటే 19 శాతం. ఇంకా పడాల్సిన రెండు ముక్కల్లో ఒక్కటైనా ఆటీను అయ్యే అవకాశం 35 శాతం. గత మూడు ఆటల్లో పడలేదు కాబట్టి ఈసారి పడి తీరాలనేవాళ్లూ, కుర్చీ మార్చి కూర్చునేవాళ్లూ ఉంటారు. కలిపిన పేకకి ఆ సంగతులేవీ తెలియవు.

హోల్డెమ్ అనే ఈ పోకర్‌లో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, అందరికీ కలిపి బల్ల మీద మొదట మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఇంకొకటి (రివర్). అందులో లిమిట్ ఆటలో నాకు నచ్చేది పందెం ఎంతన్నది ముందే ఖరారై ఉండటం. 2-4 ఆటలో ఫ్లాప్ దాకా బెట్ 2 చిప్స్, టర్న్ నుంచి 4. ఒకసారి వేసే బెట్ గానీ, దాన్ని పెంచే రెయిజ్ గానీ అంతకు మించి ఒక్క చిప్ కూడా ఎక్కువ ఉండకూడదు. నో లిమిట్‌లో అయితే బల్ల మధ్యలో 16 చిప్స్ ఉన్నప్పుడు ఎదుటివాడు ఇంకో 16 తోసి, "ఆ ఆటీను కావాలా? ఇదీ ధర" అనగలడు. ఇక్కడ వాడికి ఆ వీలు లేదు.

ఒక చేయి చూద్దాం. నా దగ్గర ఆటీను ఆసు, ఆటీను 5. ఫ్లాప్: ఆటీను రాజు, ఆటీను 9, ఇస్పేటు 4. నలుగురం తలా 2 పెట్టాం, మధ్యలో 8. మొదటివాడు 2 బెట్ వేశాడు, ఇద్దరు కాల్ చేశారు (తామూ అంతే పెట్టారు), వంతు నాది. 14 కోసం 2 పెట్టాలి, ఒకటికి ఏడు. ఆటీను పడకపోవడానికీ పడటానికీ నిష్పత్తి 38కి 9, అంటే ఒకటికి నాలుగు పైచిలుకు. కాల్ చేయడానికి ఆలోచించాల్సిన పని లేదు.

రెయిజ్ చేస్తే? నేను అదనంగా 2 పెడతాను, ముగ్గురూ తలా 2 పెడతారు. కొత్తగా చేరిన 8లో నా 35 శాతం వాటా 2.8. పెట్టింది 2. చేతిలో ఇంకా ఏమీ లేదు, ప్రస్తుతానికి ఓడిపోతున్నాను, అయినా పెట్టే ప్రతి చిప్ మీద లాభమే! మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను. ఎదురుగా ఇద్దరే ఉంటే 6లో వాటా 2.1, బొటాబొటి. ఒక్కడే అయితే 4లో 1.4, చేతి నుంచి పోతుంది. వాడు భయపడి ఫోల్డ్ చేస్తేనే (ముక్కలు వదిలేస్తేనే) గిట్టుబాటు. కాబట్టి జనం కావాలి. జనం ఉండాలంటే బెట్ వేసినవాడు ఎక్కడ కూర్చున్నాడో చూడాలి. నాకు ముందు వంతువాడే బెట్ వేసి, నా తర్వాత ఇద్దరు మిగిలి ఉంటే, నా రెయిజ్‌తో వాళ్లకి ఒకేసారి 4 పడుతుంది, లేచిపోతారు. అప్పుడు నోరు మూసుకుని కాల్ చేయాలి. వాళ్లు ఇప్పటికే 2 పెట్టేసి ఉంటే ఇంకో 2 కోసం దాదాపు ఎవరూ వదలరు.

ఇంకో లాభం. రెయిజ్ చేసినవాణ్ని చూసి టర్న్‌లో చాలామంది చెక్ చేస్తారు, అంటే ఏమీ పెట్టకుండా వంతు దాటేస్తారు. కళావర్ జాకీ లాంటి పనికిరాని ముక్క పడితే నేనూ చెక్ చేసి రివర్ ఉచితంగా చూస్తాను. మొత్తం ఖర్చు 4. మామూలుగా కాల్ చేసుకుంటూ పోతే ఫ్లాప్‌లో 2, టర్న్‌లో 4, కలిపి 6 అయ్యేది. టర్న్‌లో ధర రెట్టింపవుతుంది కాబట్టే ఈ కిటుకు పనిచేస్తుంది.

5, 6, 8, 9 పెట్టుకుని 7 కోసం చూడటం వేరే కథ. రమ్మీ ఆడేవాళ్లకి మధ్య ముక్క బాధ చెప్పక్కర్లేదు. పనికొచ్చేవి నాలుగే, టర్న్ తర్వాత 42కి 4. మధ్యలో 20 ఉండి 4 అడిగితే ఒకటికి ఐదు వస్తుంది, కావాల్సింది పదిన్నర. వదిలేయాలి.

పందెం ఇలా ముందే ఖరారై ఉండటం యంత్రాలకీ కలిసొచ్చింది. 2015లో అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు సెఫియస్ అనే ప్రోగ్రామ్‌తో ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ని దాదాపు పూర్తిగా పరిష్కరించారు. ఆటలో ఎదురుకాగల పరిస్థితులు 316 పక్కన 15 సున్నాలు. అయితే అది ఇద్దరి ఆట; పైన నాకు లాభం తెచ్చింది మూడోవాడూ నాలుగోవాడూ.

(మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 చట్టం నిషేధించింది. ఇక్కడ చెప్పింది లెక్క వరకే.)

మిత్రుడి తొమ్మిదికి ఒక చిన్న కోత మాత్రం ఉంది. పైన చూసిన చేతిలో ఆ ముగ్గురిలో ఒకరి దగ్గర రెండు తొమ్మిదులు ఉన్నాయనుకోండి, బల్ల మీదదానితో మూడయ్యాయి. టర్న్‌లో ఆటీను 4 పడింది. నేను ఫ్లష్ వచ్చిందని సంబరంగా రెయిజ్ చేస్తాను. బల్ల మీద రెండు నాలుగులు చేరాయి కదా, వాడికి ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు), అది ఫ్లష్ కంటే పెద్దది. వాడూ రెయిజ్ చేస్తాడు.